నల్లబడ్డ వెండి రూపాయి: తోమాలా, వదిలేయాలా, ఎలా దాచాలి?

మా నాయనమ్మ పోయిన ఏడాదికి ఆవిడ ట్రంకు పెట్టె తెరిచాం. అడుగున, చీరల కింద, ఒక గుడ్డ మూట. విప్పితే తొమ్మిది వెండి రూపాయలు. ఏడు ఐదో జార్జివి, ఒకటి ఆరో జార్జిది, ఒకటి చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం రూపాయి. మూట మూతికి ఎవరో ఎప్పుడో రబ్బరు బ్యాండు చుట్టారు. అది ఎండి ముక్కలై, ఒక ముక్క లోపలికి జారి 1918 నాటి రూపాయి మీద అంటుకుంది. రాజు చెవి దగ్గర మొదలై గడ్డం దాకా ఒక నల్లటి గీత. మిగతా నాణెమంతా లేత తేనె రంగు, అంచున పల్చటి నీలం. ఆ గీత మాత్రం కాటుకతో గీసినట్టుంది.

మర్నాడు నేను బజారుకెళ్లి వచ్చేలోపు మా పిన్ని వాటిలో రెండింటిని చింతపండు, కొబ్బరి పీచు పెట్టి తోమి పళ్లెంలో ఆరబెట్టింది. ప్రేమతో చేసిన పని. ఇంట్లో అందరూ ఎంత బాగా మెరుస్తున్నాయో అన్నారు. పది రెట్లు పెద్దదిగా చూపించే భూతద్దం పెట్టి చూస్తే రాజు మొహం మీద, చుట్టూ ఉన్న ఖాళీ జాగా మీద వందల సన్నటి గీతలు. కొన్ని నిలువు, కొన్ని అడ్డం. ఆ గీతల్ని ఇక ఎవరూ తీయలేరు.

అప్పటి నుంచి పాత వెండి నాణేల విషయం పట్టించుకుని నేర్చుకున్నాను. చుట్టాల్లో, స్నేహితుల్లో ఎవరింట్లో ఇలాంటి మూట బయటపడ్డా అడిగేది ఒకటే: దీన్ని కడగొచ్చా, దేనితో కడగాలి? అన్ని నాణేలకూ ఒకటే జవాబు లేదు. మీ చేతిలో ఉన్నది ఏ నాణెం, దాని మీద ఉన్నది ఏ నలుపు అన్నదాన్ని బట్టి దారి మారుతుంది. ముందు ఆ రెండూ తేల్చుకుందాం.

ఆ నలుపు మురికి కాదు

చాలామంది పొరపాటు ఇక్కడే మొదలవుతుంది. గిన్నెకు అంటిన మసి బయటి నుంచి వచ్చింది, తోమితే పోతుంది, గిన్నె అలాగే ఉంటుంది. వెండి నలుపు అలాంటిది కాదు. గాలిలో హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువు కొద్ది కొద్దిగా ఉంటుంది. కుళ్లిన గుడ్డు వాసన దానిదే. దానిలోని గంధకం వెండితో కలిసి సిల్వర్ సల్ఫైడ్ అవుతుంది. అంటే నాణెపు పై పొరలోని వెండే నలుపుగా మారింది. ఆ నలుపును తోమినా, ద్రావకంలో కరిగించినా దానితో పాటు కొంత వెండి కూడా పోతుంది.

పొర చాలా పల్చగా ఉన్నప్పుడు నలుపు కనిపించదు, రంగులు కనిపిస్తాయి. వాన పడ్డ రోడ్డు మీద నూనె చుక్క పడితే ఇంద్రధనుస్సు రంగులు తేలతాయి కదా, ఇదీ అదే కారణం. పొర మందం ఒక వెంట్రుక మందంలో వెయ్యో వంతు స్థాయిలో ఉంటుంది. అది కొంచెం కొంచెం పెరిగే కొద్దీ ముందు లేత పసుపు, తర్వాత తేనె రంగు, ఆ తర్వాత ఊదా, నీలం. ఇంకా పెరిగితే బూడిద రంగు, చివరికి నలుపు. నాణేలు సేకరించేవాళ్లు దీన్నే టోనింగ్ అంటారు. అంచు నుంచి లోపలికి వరుస తప్పకుండా రంగులు మారుతూ వచ్చిన నాణేన్ని తెల్లగా మెరిసే నాణెం కంటే ఎక్కువ ధర పెట్టి కొనేవాళ్లున్నారు. అలాంటిదాన్ని చింతపండుతో తోమితే ఏం పోతుందో చెప్పనక్కర్లేదు.

మందుల్లో ముంచో, వేడి పెట్టో ఈ రంగులు తెప్పించి అమ్మేవాళ్లూ ఉన్నారు. అలాంటి నాణెం మీద రంగులకు వరుస ఉండదు, ఒక్కసారిగా ముదురు నీలమో గులాబీ రంగో వచ్చి కూర్చుంటుంది. పాత గీతల లోపల కూడా పైన ఉన్నంత నిగనిగగా రంగు ఉంటే అనుమానించాలి. నకిలీ నాణేలకు పాతదనం రావడానికి నల్లరంగు పట్టించడం కూడా మామూలే. అందుకే కడగడం గురించి ఆలోచించే ముందు తూకం వేయించండి. బ్రిటిష్ ఇండియా వెండి రూపాయి 11.66 గ్రాములు. అరిగితే కొద్దిగా తగ్గుతుంది, పెరగడానికి మాత్రం వీల్లేదు.

అన్ని మచ్చలూ టోనింగ్ కాదు. ఆకుపచ్చగా, జిగటగా ఉంటే అది ప్లాస్టిక్ కవర్ నుంచి వచ్చిన జిడ్డు. ఆకుపచ్చగా, పొడిగా, పొక్కులా ఉంటే నాణెంలోని రాగికి పట్టిన చిలుము. ఎర్రగా పొడిలా రాలితే పూజలో పెట్టిన కుంకుమ. గోధుమ రంగులో వేలి ముద్ర ఆకారంలో ఉంటే అది నిజంగా వేలి ముద్రే. చెమటలోని ఉప్పు వెండి మీద పని చేస్తుంది, ఏళ్లు గడిస్తే అది లోపలికి దిగిపోతుంది. వీటిలో జిడ్డు, కుంకుమ తీయదగ్గవి. ముదిరిన వేలి ముద్ర తీయలేం.

మీ చేతిలో ఉన్నది ఏ నాణెం?

విక్టోరియా రాణి, ఏడో ఎడ్వర్డ్, ఐదో జార్జి రూపాయలు దాదాపు 92 శాతం వెండి. అంటే ఒక్కోదానిలో సుమారు 10.69 గ్రాముల అచ్చమైన వెండి. ఆరో జార్జి బొమ్మతో 1940 నుంచి 1945 దాకా వచ్చినవి చూడటానికి ఒకేలా ఉన్నా లోపల వేరు. యుద్ధం వల్ల వెండి తగ్గించేశారు. సగం వెండి, 40 శాతం రాగి, మిగతాది నికెల్, జింకు. రాగి అంత ఉంది కాబట్టి ఈ నాణేలు తొందరగా మాసిపోతాయి, చిలుము పడతాయి, పులుపు తగిలితే ఎర్రటి ఛాయ బయటపడుతుంది. వీటి విషయంలో రెట్టింపు జాగ్రత్త కావాలి.

నిజాం రాజ్యంలో చెలామణి అయిన హాలీ సిక్కా రూపాయి బరువు 11.18 గ్రాములకు కాస్త అటూ ఇటూ, వెండి 81.8 శాతం. చార్మినార్ కమాను లోపల ఒక చిన్న ఉర్దూ అక్షరం ఉంటుంది. మహబూబ్ అలీ ఖాన్ కాలం నాటివాటిలో మీమ్, ఉస్మాన్ అలీ ఖాన్ కాలం నాటివాటిలో ఐన్. తోముడు దెబ్బకు ముందుగా మసకబారేవి ఇలాంటి సన్నటి పనులే. ఐదో జార్జి రూపాయి బొరుసు వైపు కింద తామర పువ్వు దగ్గర చిన్న చుక్క ఉంటే అది బొంబాయి టంకశాలది, లేకపోతే కలకత్తాది. మురికి కింద ఆ చుక్క దాగి ఉండొచ్చు. దాన్ని వెతకడానికి గోరుతో గోకకండి, వెలుతురు మార్చి మార్చి చూడండి.

స్వతంత్రం వచ్చాక వచ్చిన వెండి నాణేలు కూడా చాలా ఇళ్లలో ఉన్నాయి. 1969లో గాంధీ శతజయంతికి వచ్చిన పది రూపాయల బిళ్ల 15 గ్రాములు, 80 శాతం వెండి. వాటిలో అద్దంలా తళతళలాడే ప్రూఫ్ నాణెం మీ దగ్గర ఉంటే దాన్ని మెత్తటి గుడ్డతో తుడవడం కూడా వద్దు. అద్దం లాంటి ఆ నేల మీద దూది గీత కూడా కనిపిస్తుంది.

లంబాడీ నగల్లోంచి, పాత దండల్లోంచి వచ్చిన రూపాయలకు పైన కొక్కెం అతికిన గుర్తు ఉంటుంది. సేకరణ పరంగా వాటికి ధర రాదు, నగగా, కుటుంబ గుర్తుగా వాటి విలువ వేరు. అవి మళ్లీ మెళ్లో వేసుకోవాలనుకుంటే శుభ్రంగా కడుక్కోవచ్చు, తప్పేం లేదు.

పొలంలోనో గోడలోనో కుండతో సహా దొరికిన పాత నాణేలైతే ఇంట్లో ఏమీ చేయకండి. చాలా కాలం మట్టిలో ఉన్న వెండి లోపల పెళుసుబారిపోయి ఉంటుంది, నొక్కితే విరుగుతుంది. పైగా 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిక్షేపం దొరికితే కలెక్టర్‌కు తెలపాలి.

ఇక అసలు పరీక్ష. గదిలో లైట్లన్నీ ఆపి ఒకే ఒక్క బల్బు కింద నాణేన్ని అంచులు పట్టుకుని, ఏటవాలుగా వంచి, మెల్లగా తిప్పండి. కింద మెత్తటి తువ్వాలు పరవడం మర్చిపోవద్దు. బండి చక్రం ఆకుల్లా వెలుగు చారలు నాణెంతో పాటు తిరిగితే దాని లస్టర్, అంటే టంకశాల నుంచి వచ్చిన మెరుపు, ఇంకా బతికే ఉంది. టంకశాలలో అచ్చు పడినప్పుడు లోహం మధ్య నుంచి అంచుకు పారిన గుర్తులు అవి. నలుపు కింద నుంచి కూడా ఆ చారలు కనిపిస్తాయి. చారలు తిరిగాయంటే, ఇంక ఏమీ చేయకండి. పైన జిడ్డు ఉంటే తప్ప నీళ్లు కూడా తగలనివ్వకండి. చారలు లేకుండా, మొహం అరిగి, చేతులు మారిన నాణెమైతే మీకు కొంచెం వెసులుబాటు ఉంది.

దేనితో కడగాలి: ఒక్కో పద్ధతి సంగతి

ఏమీ చేయకపోవడం కూడా ఒక పద్ధతే, పదిసార్లలో ఎనిమిదిసార్లు నేను చెప్పేది అదే. ఇవాళ వదిలేసిన నాణేన్ని రేపు కడగొచ్చు. ఇవాళ తోమిన నాణేన్ని రేపు వెనక్కి తేలేం. ధర విషయంలోనూ అంతే. నాణెం ఏ స్థితిలో ఉందో చూసి అంకె ఇచ్చే గ్రేడింగ్ కంపెనీలు, అనుభవం ఉన్న డీలర్లు తోమిన నాణేన్ని చూడగానే పట్టేస్తారు. పీసీజీఎస్, ఎన్‌జీసీ లాంటి సంస్థలు అలాంటివాటికి మామూలు గ్రేడు అంకె ఇవ్వకుండా "క్లీన్డ్" అని రాసి పంపుతాయి.

మట్టి, కుంకుమ, పసుపు లాంటివి పైన ఉంటే డిస్టిల్డ్ వాటర్ చాలు. పెట్రోల్ బంకుల్లో, బ్యాటరీ షాపుల్లో దొరికే బ్యాటరీ వాటర్ పనికొస్తుంది. పక్కనే యాసిడ్ సీసాలు కూడా ఉంటాయి, లేబుల్ చూసి తీసుకోండి. గాజు గిన్నెలో నాణేన్ని రాత్రంతా నానబెట్టి, మర్నాడు నీళ్లు మార్చి ఇంకోసారి నానబెట్టండి. రుద్దొద్దు. కుళాయి నీళ్లు వద్దు, బోరు నీళ్లు అసలే వద్దు. వాటిలోని క్లోరిన్, ఉప్పు ఆరిపోయాక తెల్లటి మచ్చలు మిగులుస్తాయి.

జిడ్డు, గమ్, ప్లాస్టిక్ కవర్ పచ్చదనం పోవాలంటే అసిటోన్. నాకు అన్నిటికంటే నమ్మకమైనది ఇదే. కారణం చిన్నది: అసిటోన్ వెండిని ముట్టుకోదు, టోనింగ్‌ను ముట్టుకోదు, నూనె జిడ్డును మాత్రం కరిగిస్తుంది. ల్యాబ్ సామాన్లు అమ్మే దుకాణాల్లో దొరికే అచ్చమైన అసిటోన్ కొనండి. నెయిల్ పాలిష్ రిమూవర్ వాడకండి, దానిలో రంగు, సెంటు, నూనె కలుపుతారు. రెండు చిన్న గాజు గిన్నెలు పెట్టుకోండి. మొదటి దానిలో అరగంట నానబెట్టి, ప్లాస్టిక్ చిమటాతో అంచు పట్టుకుని తీసి రెండో దానిలో ఒకసారి ముంచి, పేపర్ టవల్ మీద నిలబెట్టండి. నిమిషంలో తనంతట తానే ఆరిపోతుంది. ఎక్కువ పచ్చదనం ఉంటే మూతపెట్టి ఒక రోజు ఉంచినా నష్టం లేదు. అయితే అసిటోన్ పెట్రోల్ లాగే అంటుకుంటుంది. గ్యాస్ పొయ్యి, దీపం, అగరొత్తి ఏదీ ఆ గదిలో ఉండకూడదు, కిటికీ తెరిచి ఉండాలి. పిల్లలు ఇంట్లో ఉంటే వాళ్లు బడికి వెళ్లాకే ఈ పని.

వంట సోడా, అల్యూమినియం ఫాయిల్ చిట్కా వీడియోల్లో అందరూ చూసి ఉంటారు. గిన్నె అడుగున ఫాయిల్ పరిచి, నాణేన్ని దాని మీద ఆనించి, వంట సోడా వేసి వేడి నీళ్లు పోస్తే నిమిషాల్లో నలుపు పోతుంది. కుళ్లిన గుడ్డు వాసన కూడా వస్తుంది, నాణెం నుంచి విడిపోయిన గంధకం అది. ఇక్కడ సల్ఫైడ్‌లోని వెండి తిరిగి వెండిగా మారుతుంది కాబట్టి కాగితం మీద చూస్తే లోహం పోదు. అందుకే వెండి గిన్నెలకు, పట్టీలకు, కుందులకు ఇది మంచి పద్ధతి, నేనూ వాడతాను. నాణేనికి మాత్రం తేడా వస్తుంది. తిరిగి వచ్చిన వెండి పాత చోట పాత తీరుగా అతుక్కోదు, సున్నం పూసినట్టు మసక తెలుపుగా మిగులుతుంది. చారలు తిరిగే వెలుగు ఉండదు. ఇంకో ఇబ్బంది, ఎంతసేపు ఉంచాలో మన చేతిలో ఉండదు. తేనె రంగు ఉంచి నల్ల మచ్చ ఒక్కటే తీయడం దీనితో కుదరదు. అరిగిపోయిన మామూలు రూపాయికి, కొక్కెం ఉన్న నాణేనికి ఫర్వాలేదు. ఆరో జార్జి సగం వెండి రూపాయికి వద్దు.

సిల్వర్ డిప్ అని సీసాల్లో దొరికే ద్రావకం ఇంకా వేగం. థయోయూరియా, దానితో కొంచెం యాసిడ్. సెకన్లలో నలుపును కరిగించేస్తుంది. నలుపుతో పాటు కింద ఉన్న లస్టర్ గీతల పైభాగాన్ని కూడా కొంచెం కరిగిస్తుంది. ఒకసారి ముంచితే కంటికి తెలియకపోవచ్చు, రెండు మూడుసార్లకు నాణెం చచ్చిపోయినట్టు తెల్లగా, జీవం లేకుండా అవుతుంది. సరిగ్గా కడగకపోతే మిగిలిన ద్రావకం ఏళ్ల తర్వాత గోధుమ రంగు మచ్చలుగా తేలుతుంది. ముదురు నలుపు కింద ముంచినా లస్టర్ దొరకదు, ఆ గీతలే సల్ఫైడ్‌గా మారిపోయి ఉంటాయి. నలుపు పోయాక కనిపించేది గుంతలు పడ్డ వెండి. చేయి తిరిగినవాళ్లు దీన్ని నీళ్లు కలిపి, రెండు సెకన్లు ముంచి, వెంటనే డిస్టిల్డ్ వాటర్‌లో కడిగి వాడతారు. మొదటిసారి చేసేవాళ్లు ఇంట్లోని మంచి నాణెం మీద దీన్ని ప్రయత్నించవద్దని గట్టిగా చెబుతాను. థయోయూరియా ఆరోగ్యానికీ మంచిది కాదు, చేతికి గ్లవ్స్ లేకుండా ముట్టుకోకూడదు.

చింతపండు, నిమ్మకాయ, విభూతి, టూత్‌పేస్ట్, ఇత్తడి తోమే పౌడర్, కట్టెల బూడిద. వీటిలో కొన్ని పులుపుతో తింటాయి, కొన్ని గరుకుతో గీస్తాయి, చింతపండు పీచు రెండూ చేస్తుంది. నాణేనికి ఏదీ వద్దు.

నగల షాపులో ఇస్తే కుంకుడు రసంలో ఉడికించి ఇత్తడి తీగల బ్రష్‌తో రుద్దుతారు, లేదా మెషిన్ మీద పాలిష్ పట్టిస్తారు. కుంకుడు రసం వరకు మెత్తనిదే, జిడ్డు తీసే గుణం దానికుంది. నష్టమంతా బ్రష్‌తో, పాలిష్ చక్రంతో. పట్టీలు, మట్టెలు అలా తళతళలాడించుకోవడం బాగుంటుంది. నాణెం ఇచ్చేటప్పుడు మాత్రం ఆగండి. తోమగా తోమగా అక్షరాల అంచులు గుండ్రంగా అయిపోయిన రూపాయిని నేను చూశాను. ఆ ఇంట్లోవాళ్లు ప్రతి దీపావళికీ పాలిష్ పట్టించారు. సంవత్సరం అంకెలు చదవడానికి వేలితో తడుముకోవాల్సి వచ్చింది.

ఖర్చు పెట్టాల్సింది దాచడం మీద

కడగడానికి పెట్టే డబ్బు, సమయం అంతా దాచడం మీద పెడితే మీ మనవల దాకా నాణెం బాగుంటుంది. ఇక్కడ కూడా ఎంచుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

స్టేషనరీ షాపుల్లో దొరికే మెత్తటి, మెరిసే ప్లాస్టిక్ ఆల్బమ్ పేజీలు చాలావరకు పీవీసీవి. కొత్త షవర్ కర్టెన్ వాసన వస్తే అదే. మన ఎండలకు ఆ ప్లాస్టిక్ నెమ్మదిగా చెమర్చి, నాణెం మీద ఆకుపచ్చ జిగట వదులుతుంది. దాన్ని అలాగే ఉంచితే వెండిని తింటుంది. ఇప్పటికే అలాంటి ఆల్బమ్‌లో ఉంటే ఇవాళే తీసి, అసిటోన్‌లో కడిగి మార్చండి. అనుమానం ఉంటే ఆరుబయట ఒక పరీక్ష చేయొచ్చు: రాగి తీగను ఎర్రగా కాల్చి, ఆ ప్లాస్టిక్‌కు తాకించి, మళ్లీ మంటలో పెట్టండి. మంట ఆకుపచ్చగా మారితే దానిలో క్లోరిన్ ఉంది, అది పీవీసీ.

మైలార్ అనే పారదర్శక ప్లాస్టిక్ కిటికీ ఉన్న అట్ట చట్రాలు చవక, గీతలు పడవు, పీవీసీ ఉండదు. వాటికి స్టేపుల్ పిన్నులు కొడతారు. నాణెం తీసేటప్పుడు ఆ పిన్ను గీసిందంటే కడగడం కంటే పెద్ద గాయం. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల ఉప్పు గాలికి పిన్నులు తుప్పు కూడా పడతాయి. వందల కొద్దీ మామూలు నాణేలు ఉన్నవాళ్లకు ఇది సరే.

ఇంట్లో పది ఇరవై నాణేలే ఉంటే నా ఓటు గుండ్రటి యాక్రిలిక్ క్యాప్సూల్‌కే. బ్రిటిష్ రూపాయి వెడల్పు దాదాపు 30.5 మిల్లీమీటర్లు, కాబట్టి 31 ఎంఎం అని అడగాలి. నిజాం రూపాయిని విడిగా స్కేలు పెట్టి కొలుచుకోండి. లోపల నాణెం గలగలలాడకూడదు, బిగుసుకోనూ కూడదు. లోపల నల్లటి నురుగు రింగు ఇచ్చేవాటిని వదిలి, రింగు లేనివి తీసుకోండి. కొన్ని నురుగుల్లో గంధకం ఉంటుంది, అప్పుడు నలుపును మనమే చుట్టూ అమర్చినట్టవుతుంది.

నగల షాపు ఇచ్చే వెల్వెట్ పెట్టె, చెక్క డబ్బా, ఊలు గుడ్డ, వార్తాపత్రిక, రంగు పోయే ఎర్ర గుడ్డ, ఇవన్నీ వెండికి పడవు. రబ్బరు బ్యాండు అన్నిటికంటే చెడ్డది, రబ్బరును గట్టిపరచడానికి కలిపేదే గంధకం. బీరువాలో కలరా ఉండలు ఉన్న అర వద్దు. వాటి ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది. వంటగది గోడ పక్కన ఉన్న అలమర కూడా వద్దు.

క్యాప్సూళ్లన్నీ ఒక జిప్ కవర్‌లో, దానితో పాటు రెండు సిలికా జెల్ పొట్లాలు, వెండి నల్లబడకుండా చూసే యాంటీ టార్నిష్ స్ట్రిప్ ఒకటి వేసి స్టీలు బీరువాలో మధ్య అరలో పెట్టండి. సిలికా జెల్ రంగు మారే రకం తీసుకుంటే ఎప్పుడు మార్చాలో తెలుస్తుంది. కోస్తాలో వర్షాకాలం ముందొకసారి, తర్వాత ఒకసారి చూడాలి. అనంతపురం, కర్నూలు వైపు పొడి గాలికి ఇంత టెన్షన్ అక్కర్లేదు, ఏడాదికోసారి చూస్తే చాలు. బ్యాంకు లాకర్‌లో పెట్టేవాళ్లు కూడా ఈ కవర్‌తోనే పెట్టండి. లాకర్ దొంగల నుంచి కాపాడుతుంది కానీ తేమ నుంచి కాపాడదు.

పెట్టే ముందు ఒక్కో నాణెం బొమ్మ వైపు, బొరుసు వైపు ఫోటో తీసి, తేదీ, బరువు రాసి పెట్టుకోండి. రెండేళ్ల తర్వాత పక్కన పెట్టి చూస్తే రంగు మారిందో లేదో జ్ఞాపకం మీద ఆధారపడకుండా తెలుస్తుంది.

పూజలో పెట్టే నాణెం

వరలక్ష్మి వ్రతానికి, దీపావళి లక్ష్మీ పూజకు వెండి రూపాయి పెట్టడం చాలా ఇళ్ల ఆచారం. పాలతో అభిషేకం, పసుపు, కుంకుమ, తర్వాత చింతపండుతో కడగడం. దీన్ని మానమని ఎవరికీ చెప్పను. అన్ని నాణేలూ కాకుండా ఒక్కదాన్ని పూజకు కేటాయించండి. బాగా అరిగినదో, ఇప్పటికే తోమినదో అయితే మేలు. పూజ అయ్యాక దాన్ని నీళ్లలో ఆడించి, మెత్తటి నూలు గుడ్డతో అద్ది ఆరబెడితే చాలు. మిగతావి క్యాప్సూల్‌తో సహా పీట మీద పెట్టండి. మా ఇంట్లో పిన్ని తోమిన రెండు రూపాయల్లో ఒకటి ఇప్పుడు ఏటా కలశం ముందు కూర్చుంటుంది. ఆ పని మా పిన్నే చేస్తుంది.

విదేశాల్లో ఉన్నవాళ్లకు

అమ్మానాన్నల దగ్గర ఉన్న నాణేలను అమెరికాకో ఆస్ట్రేలియాకో తీసుకెళ్లి, అక్కడ గ్రేడింగ్ చేయించి, బాగు చేయించాలనుకునేవాళ్లు నన్ను అడుగుతుంటారు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు నిండిన నాణెం పురావస్తువు, దాన్ని దేశం దాటించడం నేరం. విక్టోరియా, ఎడ్వర్డ్ రూపాయలన్నీ ఆ గీత దాటేశాయి, ఐదో జార్జివి కూడా ఎక్కువ భాగం దాటాయి. సూట్‌కేసులో వేసుకోవడం, పోస్టులో పంపడం రెండూ అంతే. వందేళ్లు నిండనివాటికి కూడా విమానాశ్రయంలో ప్రశ్న రావచ్చు, కాబట్టి పురావస్తువు కాదని పురావస్తు శాఖ ఇచ్చే ధ్రువపత్రం తీసుకోవడం మంచిది. లేదంటే నాణేలు ఇక్కడే ఉంచి, మంచి ఫోటోలు అక్కడికి తీసుకెళ్లండి. హైదరాబాద్ వచ్చినప్పుడు సైఫాబాద్ పాత టంకశాలలోని మ్యూజియానికి పిల్లల్ని తీసుకెళ్తే, ఆ చార్మినార్ రూపాయి అచ్చైన చోటు వాళ్లు కళ్లారా చూస్తారు.

గీత పడ్డ మా 1918 రూపాయి సంగతి చెప్పలేదు. దాని మీద అతుక్కున్న రబ్బరు ముక్క అసిటోన్‌లో రెండు రోజులు నానాక ఊడి వచ్చింది. గీత పోలేదు, అది పోయేది కాదని తెలిసే చేశాను. బల్బు కింద తిప్పితే ఆ నల్ల గీతకు రెండు పక్కలా వెలుగు చారలు ఇంకా తిరుగుతున్నాయి. కింద తామర దగ్గర చిన్న చుక్క ఉంది, బొంబాయిది. క్యాప్సూల్ వెనక ఒక చీటీ మీద నాయనమ్మ పేరు, మూట విప్పిన తేదీ రాసి, అదే కవర్‌లో పెట్టాను.